కనపడకపోవడం రైతు చేసిన నేరమా?

హైవే మీద మన వాళ్ల బండిని కారు గుద్దిన ప్రతిసారీ ఆ డ్రైవరు చెప్పే మాట ఒకటే: "బండి కనపడలేదండీ." కంచికచర్ల దగ్గరైనా, నందిగామ దగ్గరైనా, చిల్లకల్లు దగ్గరైనా ఇదే మాట. అదీ పట్టపగలు. తప్పించుకోవడానికి చెబుతున్నాడని మనం తిట్టుకుంటాం. కొందరు అలా చెప్పేవాళ్లు ఉంటారు. కానీ చాలాసార్లు అది నిజమే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మనిషి భుజాలంత వెడల్పే ఉంటుంది. నల్లటి తారు రోడ్డు మీద దుమ్ముపట్టిన బండి, దాని మీద మాసిన చొక్కా మనిషి. అతని కన్నుకు ఆనేసరికే ఆలస్యమైపోతుంది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ప్రతి ద్విచక్ర వాహనానికీ ఇంజను స్టార్టయితే ముందు లైటు దానంతటదే వెలగాలని కేంద్రం నిబంధన పెట్టింది. అంతకుముందు పగలు లైటు వేసుకుని పోతుంటే ఎదురొచ్చిన వాళ్లు చేతివేళ్లు మూసి తెరిచి "నీ లైటు వెలుగుతోంది" అని సైగ చేసేవారు. ఇప్పుడు కొత్త బండ్లకు ఆ లైటు ఆర్పే స్విచ్చే లేదు. మంచి నిబంధన. మేము దాన్ని సమర్థిస్తున్నాం.

మా ప్రశ్న ఒకటే. 2017కు ముందు కొన్న బండి ఎక్కినవాడి ప్రాణం ప్రాణం కాదా? వీరులపాడు మండలంలో పత్తి తీసే రోజుల్లో ఏ చేను గట్టుకైనా వెళ్లి అక్కడ నిలబెట్టిన బండ్లు చూడండి. సీటు చిరిగి, మడ్‌గార్డు ఊగుతూ, వెనక మందు కొట్టే ట్యాంకు కట్టి ఉంటాయి. కౌలు రైతు, కూలికి పోయేవాడు సెకండ్ హ్యాండులో కొనుక్కున్న బండ్లవి. కొత్త బండి కొనగలిగిన వాడికి వెలుగు కంపెనీయే ఇచ్చింది. కొనలేని వాడిని చీకట్లోనే ఉంచారు. యార్డుకు పోవాలన్నా, ఎరువుల కొట్టుకు పోవాలన్నా వీళ్లు దాటాల్సింది అదే 65వ నంబరు జాతీయ రహదారి.

మన తెలుగువాళ్లు తోటల కూలీలుగా వలసపోయిన మలేసియా చూడండి. అక్కడ 1992లోనే మోటారు సైకిలు వాళ్లంతా పగలు కూడా లైటు వేసుకోవాలని చట్టం తెచ్చారు. బండి ఏ సంవత్సరంలో తయారైందని అడగలేదు. ఆ పని ఇక్కడ చేయడానికి అడ్డమేమిటి?

ఇక మన సభ్యుడొకరికి జరిగింది వినండి. పాత బండికి ముందు రెండు చిన్న ఎల్‌ఈడీ పగటి లైట్లు బిగించుకున్నాడు. మెకానిక్కు కూలితో కలిపి ఒక రోజు కూలి డబ్బులు కూడా కాలేదు. వారం తిరక్కుండానే తనిఖీలో ఆపి, బండికి మార్పులు చేశావని జరిమానా రాశారు. 2019 సవరణ చట్టం ప్రకారం యజమాని అక్రమంగా చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది. కానీ అదే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పు అంటే ఏమిటో చెప్పింది: బండి నిర్మాణాన్ని మార్చి, దాని మౌలిక లక్షణాన్నే మార్చేయడం. వేలెడంత తెల్ల లైటు బండి మౌలిక లక్షణాన్ని ఎలా మారుస్తుంది? ముందు వైపు ఎర్ర లైటు చూపకూడదని నిబంధన ఉంది. తెల్ల లైటుకు ఆ అడ్డు లేదు. ప్రాణం కాపాడుకోవాలని చూసినవాడిని పట్టుకోవడం సులువు. లైటూ రిఫ్లెక్టరూ లేకుండా రాత్రిపూట రోడ్డు పక్కన ఆపిన లారీని తీయించడమే కష్టం.

అయితే మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మన కుర్రాళ్లు కొందరు ఎదుటివాడి కళ్లు మూసుకుపోయే ఫోకస్ లైట్లు, నీలం ఎరుపు మిణుకు లైట్లు పెడుతున్నారు. అది భద్రత కాదు, ఇంకొకడిని కాలవలో పడేయడం. మన ట్రాక్టరు ట్రక్కులకు వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఎన్నింటికి ఉన్నాయి? ఇవి సరిచేసుకోకుండా అధికారుల్ని ప్రశ్నించే నోరు మనకుండదు.

బిగించుకునే వాళ్లు ఇవి చూసుకోండి. లైటు తెలుపు రంగులో, మిణకకుండా, కాస్త కిందికి చూసేలా ఉండాలి. పాత బండ్లు చాలావాటిలో హెడ్‌లైటుకు కరెంటు నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది. ఆ వైరుకు కలిపితే ఎల్‌ఈడీ రెపరెపలాడి త్వరగా పోతుంది. బ్యాటరీ నుంచి, తాళం తిప్పితేనే వెలిగేలా, మధ్యలో ఫ్యూజు పెట్టి కలపమనండి. అదీ వద్దనుకుంటే ఖర్చే లేదు: హైవే ఎక్కేముందు పగలైనా హెడ్‌లైటు డిమ్‌లో వేసుకోండి. ఎవరైనా చేత్తో సైగ చేస్తే నవ్వి ముందుకు పోండి.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి మూడే. పాత బండికి తెల్లటి పగటి లైటు పెట్టుకోవడం నేరం కాదని రవాణా శాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఎలాంటి లైటు ఎక్కడ బిగించాలో అందులోనే చెప్పాలి. మా దగ్గర వసూలు చేసిన జరిమానాల డబ్బుతో చిన్న, కౌలు రైతుల పాత బండ్లకు ఆ లైట్లు, ట్రక్కులకు రిఫ్లెక్టర్లు ఉచితంగా బిగించాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశానికి వచ్చే ప్రతి సభ్యుడూ బండి లైటు వేసుకునే రావాలి. వినతిపత్రం ఇవ్వడానికి నందిగామ వెళ్లే రోజున కూడా పట్టపగలు లైట్లు వేసుకునే వెళదాం. అప్పుడు కనపడలేదని ఎవరూ అనలేరు.