ఆమె మాట వినడానికి ఆగిన ప్రభువు

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని గురించి మార్కు సువార్త 5వ అధ్యాయంలో చదువుతాం. ఆమె పొందిన స్వస్థతనే ఎక్కువగా బోధిస్తాం. అయితే చావుబతుకుల్లో ఉన్న యాయీరు కుమార్తె కోసం వెళ్తున్న ప్రభువు దారిలో ఆగి, ఆమె సంగతంతా విన్నాడు. ఆమెను కుమారీ అని పిలిచాడు. మన సంఘాల్లో అలా ఆగి వింటున్నామా?

నలభై దాటిన సహోదరి ఇంట్లో విసుక్కుంటే, ఉపవాస కూడికకు రాలేకపోతే ప్రార్థన తగ్గిందని కాపరులమైన మేమే తీర్పు తీర్చిన రోజులున్నాయి. అది ముట్లుడగడానికి ముందు వచ్చే దశ కావచ్చు. వైద్యులు దీన్ని పెరిమెనోపాజ్ అంటారు. ఈస్ట్రోజన్ హార్మోను హెచ్చుతగ్గుల వల్ల నెలసరి క్రమం తప్పుతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, మతిమరుపు, దిగులు కలుగుతాయి. కొందరికి ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. ఇది జబ్బు కాదు, విశ్వాస లోపం అంతకన్నా కాదు. కానీ అధిక రక్తస్రావమైనా, ఏడాదిపాటు నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనబడినా వైద్యులకు చూపించాల్సిందే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తొలగింపుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. ఆపరేషన్ తప్పదా, మందులతో తగ్గదా అని ఆమె పక్షాన అడిగేవారు కావాలి.

భర్తలారా, ఆస్పత్రికి ఆమెతో వెళ్లండి. స్త్రీల సమాజాల్లో ఈ సంగతి దాచకుండా మాట్లాడుకుందాం. సువార్తలోని ఆ స్త్రీ జనసమూహంలో ఒంటరిగా వచ్చింది. మన సహోదరిని అలా రానివ్వకూడదు.