మంచాన పడితే ఎత్తేదెవరు?

మా మేనత్త రెండేళ్ల కింద హైదరాబాద్ శివారులోని ఒక వృద్ధాశ్రమంలో చేరింది. పాలమూరులో కల్వకుర్తి దిక్కు పల్లె ఆమెది. పెద్ద కొడుకు పుణెలో సెంట్రింగ్ పని చేస్తాడు. చిన్నోడిది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఆశ్రమం ఫీజుకే వాడి జీతంలో సగం పోయేది. అయినా ఊరు ఆ ఇద్దరినీ తిట్టిపోసింది. నేనూ ఒక మాట అన్నాను. చూసొచ్చాక నోరు మూసుకున్నాను.

ఎందుకంటే అత్త బాగుంది. ఊళ్లో ఉన్నప్పుడు బీపీ గోలీ ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు మరిచేది. ఒక్కదానికి పొయ్యి ఏం ముట్టిస్తామని పొద్దటి అన్నమే రాత్రికీ తినేది. ఇక్కడ గోలీ చేతిలో పెట్టి, మింగేదాకా పక్కన నిలబడే పిల్ల ఉంది. పచ్చీసు ఆడటానికి తోడు దొరికింది. ఫిర్యాదల్లా ఒకటే: "రొట్టె లేదు బిడ్డా. పొద్దున లేస్తే ఇడ్లీయే. ఎన్ని తిన్నా తిన్నట్టుండది." మెనూ రాసేవాళ్లకు ఇది చిన్న విషయం. డెబ్బై ఏళ్లు జొన్నరొట్టె తిన్న పాలమూరు మనిషికి కాదు.

పోయిన వానకాలం బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషనయ్యి డిశ్చార్జి చేసే రోజున ఆశ్రమం నుంచి ఫోను. "మీ ఇంటికే తీసుకెళ్లండి సార్. తమ పని తాము చేసుకునేవాళ్లనే మేం ఉంచుకుంటాం. ఫారంలో రాసి ఉంది కదా." నిజమే, ఉంది. చిన్నక్షరాల్లో, మా చిన్నోడి సంతకానికి సరిగ్గా పైన.

వృద్ధాశ్రమం, అసిస్టెడ్ లివింగ్ ఒకటి కావని ఆ రోజు తెలిసొచ్చింది. మొదటి చోట దొరికేది తిండి, నీడ. రెండో చోట స్నానం చేయించే మనిషి ఉండాలి, మంచం మీంచి కుర్చీలోకి దించేవాళ్లుండాలి, రాత్రి రెండింటికి పిలిస్తే ఎవరో ఒకరు పలకాలి. అట్లాంటివి హైదరాబాద్‌లో ఉన్నాయి. కానీ అక్కడ ఆయా, ఫిజియోథెరపీ, డైపర్లు అన్నీ కలిపి అడిగే డబ్బు మావాడి జీతాన్ని దాటింది. 2019లో 2,016 రూపాయలైన ఆసరా పింఛన్ డైపర్లకే చాలదు.

కొడుకులను తిట్టడం తేలిక. పాలమూరు కొడుకు ఊరు విడిచింది తల్లి బరువై కాదు, వలస పనికి గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు బరువై. మా అత్తా మామా కూడా వయసులో అట్లాగే పోయారు, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి. అప్పుడు ముసలివాళ్లు పిల్లల్ని సాకారు. ఆ పిల్లలే ఇప్పుడు పుణెలో, హైదరాబాద్‌లో ఉన్నారు.

నల్లగొండ కథ ఇంకోటి. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగినవాళ్లకు చెయ్యందించే మనిషి ముసలితనానికి ముందే కావాలి. మిషన్ భగీరథ నీళ్లొచ్చాయి, సంతోషం. వంగిన వెన్ను మాత్రం మళ్లీ నిలబడదు. ఫ్లోరైడ్ బాధితుల గొంతుగా దేశానికి తెలిసిన శివన్నగూడెం అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. అన్నాళ్లూ ఆయన్ను చూసుకున్నది ఇంటివాళ్లే. వయోవృద్ధుల సంక్షేమ చట్టం లెక్కలో వయోవృద్ధులంటే 60 నిండినవాళ్లు. స్వామి ఆ లెక్కలోకే రారు.

అరవై దాటినవాళ్లకైనా ఆ చట్టం ఏం చేసింది? 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేదలకు చోటు అంటుంది. ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, ఉమ్మడి మహబూబ్‌నగర్ ఐదైంది. ఆ లెక్కన 1,200 మందికి చోటుండాలి. కానీ చట్టం రాసినవాళ్లు ప్రభుత్వం "నెలకొల్పాలి" అనలేదు, "నెలకొల్పవచ్చు" అన్నారు. ఆ "వచ్చు"లోనే అంతా మునిగింది. ఆశ్రమాలకు కనీస ప్రమాణాలు, ఇంటికొచ్చి సేవచేసే సంస్థలకు రిజిస్ట్రేషన్ పెడదామని 2019 డిసెంబరులో లోక్‌సభకు ఒక సవరణ బిల్లు వచ్చింది. 2024లో ఆ సభ గడువుతోపాటే బిల్లూ పోయింది. 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కు పోతే నెలకు 10,000 దాకా భరణం ఇప్పించొచ్చు. ఇవ్వడానికి కొడుకు దగ్గర ఉంటే కదా!

అత్త ఇప్పుడు చిన్నోడి రెండు గదుల ఇంట్లో ఉంది. కోడలు కుట్టుమిషను మూలకు పెట్టి ఆమెను చూసుకుంటోంది. ఆ పోయిన సంపాదనను ఎవరూ ఖర్చు కింద రాయరు. రొట్టె మాత్రం రోజూ దొరుకుతోంది.

ఆశ్రమం చూడబోయేవాళ్లకు ఒక మాట. పగటిపూట పోయి తోట చూసి రాకండి. రాత్రి తొమ్మిది తర్వాత పోండి. మంచాన ఉన్నవాళ్లెందరు, వాళ్లను చూసే మనుషులెందరు, లెక్కపెట్టండి. ఒక్కరూ మంచాన లేకపోతే, పడ్డవాళ్లను ఎక్కడికి పంపారో అడగండి. ఫారంలో చిన్నక్షరాలు చదివాకే సంతకం పెట్టండి. మావాడు చదవలేదు. పక్కనే కూర్చున్న నేనూ చదవలేదు.