చేప ఎవరి కంచంలోకి?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక, రొయ్యను మనవాళ్ళు కూడా ఎక్కువగా తినాలన్న మాట ఆంధ్రప్రదేశ్ పాలకుల నోట గట్టిగా వినిపించింది. పరాయి వాకిలి మూతపడితే తప్ప సొంతింటి కంచం గుర్తుకు రాదా?

2023-24లో దేశం నుంచి 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి. విలువ 60 వేల కోట్ల రూపాయల పైమాటే. ఆ రాబడిలో పెద్ద వాటా రొయ్యది. సాగు రొయ్యలో సింహభాగం ఆంధ్రది. అదే ఆంధ్రలో, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదివే శాఖ ఏదీ లేదు. కాబట్టి మనమే చదవాలి.

రొయ్య మేతలో చేపపిండి కలుస్తుంది. మంగళూరు వైపు మిల్లుల్లో కవళ్ళ లాంటి చిన్న చేపలను ఎండబెట్టి పిండి కొడతారు. ఇనుము, కాల్షియం, బి12 ఉన్న చేపలివి. పేదింటికి అందే ధరలో దొరికేవీ ఇవే. పెద్ద చేప ముక్కలు మగవాళ్ళకూ పిల్లలకూ వడ్డించాక అడుగున పులుసు మిగిలే ఇళ్ళలో, ఆమె వంతుకు కాస్తయినా వచ్చేది చిన్న చేపే. అది మిల్లుకు పోతే ముందుగా ఖాళీ అయ్యేది ఆమె కంచమే.

ఎగుమతితో డబ్బొస్తుంది, డబ్బుతో తిండి కొనుక్కోవచ్చు అంటారు. ఆ డబ్బు ఎవరి చేతికి? షెడ్లలో మంచుముక్కల మధ్య చేతులు తిమ్మిరెక్కుతుండగా రొయ్య తలలు తీసే స్త్రీకి దక్కేది కూలి మాత్రమే. రేవులో లారీల వ్యాపారితో పోటీపడి పాట పాడలేని చేపలమ్మకు తట్ట ఖాళీ. ఆ తట్ట మీద ఆధారపడిన వీధికి కూర లేదు.

రక్తహీనతకు చేప ఒక్కటే మందని నేననడం లేదు. మనుషులు తినే చేపను మేతగా మార్చడం అభివృద్ధి కాదంటున్నాను. తినేవాళ్ళున్న చోట అంగన్‌వాడీ భోజనంలో ఎండు నెత్తళ్ళకు చోటివ్వండి. రేవులో మొదటి పాట తట్టలవాళ్ళకు వదలండి. చిన్న చేప మిల్లుకు పోకుండా హద్దు పెట్టండి.

వంట ఎవరు చేస్తున్నారని స్త్రీవాదం అడిగింది. వండినామెకు ఏం మిగిలిందన్న ప్రశ్నను వంటింటి గడప దాటించి రేవు దాకా, మిల్లు దాకా, మంత్రిత్వ శాఖ దాకా తీసుకుపోవాలి.