ఆగిన కథల పునరాగమనం

కథ వినే అలవాటు మనిషికి ఎంత పాతదో, మధ్యలో ఆగిన కథ ఏమయిందోనన్న ఆరాటమూ అంత పాతది. ఆ ఆరాటానికి వెలకట్టే వ్యాపారం నేడు ఒకటి వెలసింది. ఏవో కారణాల వల్ల అర్ధాంతరంగా నిలిపివేసిన యానిమేషన్ ధారావాహికలను నిర్మాణసంస్థలు కొన్నేళ్ళ తరువాత తిరిగి తెర మీదికి తెస్తున్నాయి. అభిమానుల కోరికను మన్నించామని అవి చెప్పుకొంటాయి. ఆ మాటలో సత్యం లేకపోలేదు. కాని అది సంపూర్ణ సత్యం కాదు.

ఒకే కల్పితలోకం ఆధారంగా చలనచిత్రాలు, ధారావాహికలు, పుస్తకాలు, ఆటబొమ్మలు పుట్టుకొస్తే ఆ సముదాయాన్ని ఫ్రాంచైజీ అంటారు. ‘స్టార్ వార్స్’ అటువంటిదే. అందులో భాగమైన ‘ది క్లోన్ వార్స్’ అనే యానిమేషన్ ధారావాహిక 2008లో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా ప్రసారమైంది. 2012లో డిస్నీ సంస్థ సుమారు 405 కోట్ల డాలర్లకు లూకాస్‌ఫిల్మ్‌ను కొనుగోలు చేయడానికి ఒప్పందం కుదుర్చుకొంది. మరుసటి ఏడాదే, ఐదు సీజన్లు ముగిసిన తరువాత, ఆ ధారావాహిక నిలిచిపోయింది. అప్పటికే సిద్ధమవుతున్న 13 భాగాలు 2014లో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడ్డాయి. అయినా కథ ముగియలేదు. అభిమానులు పట్టు విడవలేదు. చివరకు 2018లో పునరుద్ధరణ ప్రకటన వెలువడి, 2020లో 12 భాగాలతో కథ పూర్తయింది.

అభిమానుల మొర 2013 నుండీ వినిపిస్తూనే ఉంది. మరి అది ఫలించడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? 2019 నవంబరులో డిస్నీ సంస్థ ‘డిస్నీ ప్లస్’ అనే సొంత వేదికను ఆరంభించింది. నెలనెలా చందా కట్టే ప్రేక్షకుణ్ణి నిలుపుకోవాలంటే అతనికి ఎప్పటికప్పుడు ఏదో ఒకటి చూపాలి. కొత్త కథను ఎవరు ఆదరిస్తారో ముందుగా తెలియదు. పాత కథకు ఎదురుచూసేవారు ముందే ఉన్నారు. పైగా ఆ ధారావాహికలో పుట్టిన అసోకా అనే పాత్ర 2020లో ‘ది మాండలోరియన్’లోకి ప్రవేశించి, 2023లో తన పేరిటే మరొక ధారావాహికకు నాయిక అయింది. ఒక పాత కథకు పెట్టిన పెట్టుబడి కొత్త కథలకు బాట వేసిందన్నమాట.

డి.సి. కామిక్స్ వీరుల కథ ‘యంగ్ జస్టిస్’ చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. 2010లో మొదలైన ఈ ధారావాహిక రెండు సీజన్ల తరువాత 2013లో ఆగిపోయింది. ఆటబొమ్మలు అనుకున్నంతగా అమ్ముడుపోక, వాటి తయారీదారు పెట్టుబడిని ఉపసంహరించుకోవడమే అందుకు కారణమని సృష్టికర్తలలో ఒకరైన గ్రెగ్ వైజ్‌మన్ వెల్లడించారు. కథ బాగుందా లేదా అన్నది కాదు, బొమ్మ అమ్ముడుపోయిందా లేదా అన్నదే దాని ఆయుష్షును నిర్ణయించింది! కొత్తగా వచ్చిన ‘డి.సి. యూనివర్స్’ వేదికకు ఆకర్షణ అవసరమైనప్పుడు, 2019లో అదే కథ మళ్ళీ ప్రాణం పోసుకొంది.

ఈ నాణేనికి మరొక ముఖం ఉంది. 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ వేదిక అనేక యానిమేషన్ ధారావాహికలను తన జాబితా నుండి తొలగించింది. ప్రశంసలందుకొన్న ‘ఇన్ఫినిటీ ట్రెయిన్’ వాటిలో ఒకటి. దానికి పెద్ద ఫ్రాంచైజీ అండ లేదు. పేరున్న కథ ఆగినా తిరిగి వస్తుంది. పేరు లేని కథ ఎంత మంచిదైనా కనుమరుగు కావచ్చు. పునరుద్ధరణను చూసి ఆనందించేవారు ఈ అసమానతను విస్మరించరాదు.

అంత మాత్రాన వ్యాపారం పునరుద్ధరించిన ప్రతి కృతీ హీనమైనదని భావించడం పొరపాటు. లాభం తలుపు మాత్రమే తెరుస్తుంది. లోపలికి కళ వస్తుందో సరుకు వస్తుందో నిర్ణయించేది సృజనకారులే. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని దాదాపు మూడు శతాబ్దాల తరువాత ఎర్రన పూరించాడు. అప్పుడు తన ప్రతిభను వేరుగా చాటుకోక, నన్నయ శైలిని అనుసరించి, దానిని రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. మిగిలిపోయిన కథ పట్ల ఋణభావం ఉన్న పూరణ అది. ‘ది క్లోన్ వార్స్’ చివరి సీజన్‌లోనూ అటువంటి ఋణభావం కనిపిస్తుంది. మొదటి నుండి ఆ ధారావాహికకు సారథ్యం వహించిన డేవ్ ఫిలోనీయే తిరిగి వచ్చి, 2013లో జెడై సంఘాన్ని విడిచి వెళ్ళిన అసోకా కథకు ముగింపు పలికాడు. చెప్పవలసినది మిగిలి ఉన్నప్పుడు పునరాగమనం సార్థకమవుతుంది. చెప్పవలసినదేమీ లేకున్నా పాత పేరును మళ్ళీ అమ్మజూపితే, అది జ్ఞాపకాలతో చేసే బేరం మాత్రమే.

కనుక యువతరం తమ అభిమానాన్ని విచక్షణతో జోడించాలి. ఇష్టమైన కథ తిరిగి వచ్చినప్పుడు సంతోషించవచ్చు. అయితే అది కథ కోసం వచ్చిందా, చందా కోసమే వచ్చిందా అని ప్రశ్నించడం మరువరాదు. అలాగే ఏ అండా లేని కొత్త కథకు కొంత సమయం కేటాయించాలి. నేడు ఆదరణ లేక ఆగిపోయే కథను రేపు తిరిగి రప్పించడం కంటే, నేడే దానిని ఆగనీయకుండా కాపాడుకోవడం మేలు.