ఏర్ అనిన నీళ్లు



మా వారు ఆదిలాబాదు సీమలోని యొక పల్లెబడిలో ఉపాధ్యాయులు. ఆ బడిలో గోండు, కొలాము, లంబాడీ బిడ్డలును, తెలుగు మరాఠీ కుటుంబముల పిల్లలును, మహమ్మదీయ బాలబాలికలును ఒక్క చాపపై కూర్చుండి చదువుకొందురు. బతుకమ్మ పూలును, దీపావళినాటి గోండుల దండారి ఆటయు, రంజాను సేమ్యాలును అందఱకును పండుగయే. ఇంతకన్న మైత్రి యేమి కావలెనని మేము మురియుచుండెడివారము.

ఒకనాడు మా వారు పనిమీద పట్టణమునకు వెళ్లగా, పిల్లలకు పద్యములు చెప్పుటకు మేము బడికి పోయితిమి. క్రొత్తగా చేరిన గోండు బాలుడొకడు లేచి "ఏర్, ఏర్" అనెను. ఏటికి పోయెదనని మారాము చేయుచున్నాడని తలచి, కూర్చుండుమని గద్దించితిమి. వాడు కూర్చుండెను; మరల నోరు విప్పలేదు. కొంతసేపటికి ప్రక్కనున్న మహమ్మదీయ బాలిక తన నీళ్లసీసాను వానికిచ్చి, "అమ్మా, వాళ్ల మాటల ఏర్ అంటే నీళ్లు. వానికి దూప అయితుంది" అని మాకు చెప్పినది. ఆ పిల్ల యిల్లు గోండుగూడెమునకు ప్రక్కనే యట. ఆటలలోనే ఆ భాష పట్టువడినదట.

మాకు తల యెత్తుకొన మనసు రాలేదు. చిన్ననాడు భారతము చదువుకొనుచు, ద్రోణుడు ఏకలవ్యుని శిష్యునిగా గైకొనలేదని కంటనీరు పెట్టినవారము మేము. అట్టి మేమే దప్పిగొన్న బిడ్డను కూర్చుండుమంటిమి. వాని పండుగ మాకు తెలియును గాని, వాని మాట తెలియదు.

ఈ సత్యమును మా సీమ పూర్వమే యెఱుగును. 1940లో జోడేఘాటులో కుమురం భీము నేలకొరగిన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలింప నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడగు హైమన్‌డార్ఫు పండితుని నియోగించెను. ఆయన భార్య బెట్టీతో గూడ మార్లవాయి గ్రామమున గోండుల నడుమ నివసించెను. నాడు సంస్థానపు బడులలో ప్రధాన బోధనభాష ఉర్దూ. గోండు బిడ్డకది అర్థము కాని మాట. 1943లో మార్లవాయియందు గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యెను. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధమయ్యెను. తన భాష ముందు, పరభాష పిదప అనునదే అచ్చటి పద్ధతి. 1987లో మరణించిన బెట్టీకి మార్లవాయి మట్టిలోనే సమాధి గట్టిరి. గోండులకు ప్రత్యేకలిపియు గలదు. గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతులలోని ఆ లిపి 2018లో యూనికోడునందు చేరినది.

అయినను ఆ మార్లవాయి యున్న జైనూరు మండలముననే 2024 సెప్టెంబరులో, ఒక ఆదివాసి స్త్రీపై దాడి జరిగినదన్న యారోపణతో కలహము చెలరేగి, దుకాణములు దగ్ధమై, కర్ఫ్యూ విధింపవలసి వచ్చెను. నేరము చేసినవానిని విచారింప న్యాయస్థానము లున్నవి. ఒకని నేరమును ఒక సమాజమున కంతకు అంటగట్టు మాట మాత్రము ఇండ్లలోనే పుట్టును. పొయ్యికడ మనమాడిన మాటయే మఱునాడు పిల్లవాని వెంట బడికి పోవును. ఇది మన చేతిలోనున్న పని, సోదరీమణులారా. ప్రభుత్వము చేయజాలని పని.

మఱునాడు మేమొక పెద్ద కాగితమును గోడకంటించి, నీళ్లబొమ్మ క్రింద నీళ్లు, పానీ, ఏర్ అని వ్రాసితిమి. పిల్లలు తమ తమ యిండ్ల మాటలు చెప్పుచుండగా అన్నము, అమ్మ, చెట్టు వరుసగా చేరినవి. గోండు మాటల వంతు వచ్చినప్పుడు ఆ బాలుడు లేచి నిలిచి చెప్పెను. మా ఉచ్చారణ తప్పినచోట నవ్వి, మరల చెప్పించెను. మేము బుద్ధిగా అప్పగించితిమి.

ఈ మాసమున మీరును ఒక పని చేయుడు. బడినుండి వచ్చిన బిడ్డను మార్కు లడుగుటకు ముందు, "నీ ప్రక్కన కూర్చుండువారు ఇంటిలో నీళ్ల నేమందురు?" అని యడుగుడు. తెలియదన్నచో, మఱునాడు తెలిసికొని రమ్మనుడు.