పదబంధ ప్రహేళిక - పత్రికల బాధ్యత

ఉదయమున పత్రిక చేతికి వచ్చినంతనే ప్రధానవార్తను గాక లోపలిపుటలోని నలుపుతెలుపు గడులను ముందుగా వెదకువారు విద్యావంతులలో పెక్కుమంది గలరు. పొద్దుపోనివారి పని యని వీరిని పరిహసించువారును గలరు. పదబంధ ప్రహేళిక యనియు, గళ్లనుడికట్టు అనియు మనవారు పిలుచుకొను నీ వినోదమును గూర్చి సంపాదకీయపుటయందు విచారించుటకు మాకు గల కారణ మొక్కటే. శ్రద్ధతో కూర్చిన ప్రహేళిక భాషను నిలుపు సాధనము. అశ్రద్ధతో కూర్చినది పాఠకుని యోర్పును పరీక్షించు తంతు. ఈ రెంటికి గల భేదమును మన పత్రికలు గుర్తింపవలసియున్నది.

గడుల ప్రహేళిక యంత పాతది కాదు. 1913 డిసెంబరు 21వ తేదీన 'న్యూయార్క్ వరల్డ్' అను పత్రిక ఆదివారపు అనుబంధమున, లివర్పూలున జన్మించిన ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు వజ్రాకారమున గడులను అమర్చి తొలి ప్రహేళికను ప్రకటించెను. 1924లో ఇట్టి ప్రహేళికల గ్రంథము మొదటిసారి వెలువడగా అమెరికా దేశమంతయు దాని వెంటబడినది. ఆ యేటనే 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక యిది నిష్ప్రయోజనమైన వెఱ్ఱి యని సంపాదకీయమున మందలించెను. ఆ పత్రికయే 1942 ఫిబ్రవరి 15న తన ఆదివారపు సంచికలో ప్రహేళికకు చోటిచ్చినది. 1950 నుండి ప్రతిదినమును ప్రకటించుచున్నది. నిన్నటి నింద నేటి నిత్యకృత్యమైనది.

మాటలను ముడివైచి విప్పుకొను నభిరుచి మాత్రము మనకు క్రొత్తది గాదు. దండి తన కావ్యాదర్శమున పదునారు విధములైన ప్రహేళికలను వివరించెను. వాత్స్యాయనుడు పేర్కొనిన అరువదినాలుగు కళలలో ప్రహేళికయు నొకటి. పల్లెలలో పొడుపుకథయు, సభలలో సమస్యాపూరణమును, అవధానమున దత్తపదియు నిషిద్ధాక్షరియు మనకు పరిచితములే. కావుననే పాశ్చాత్యుల గడులపట్టిక తెలుగునకు దిగివచ్చినప్పుడు శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు దానిని కూర్చుటను చిన్నతనముగా భావింపలేదు.

ప్రహేళికలలో ఒకే విషయమును ఆధారముగా గొని కూర్చినవి శ్రేష్ఠములు. అట్టిదానికి 1996 నవంబరు 5వ తేదీన 'న్యూయార్క్ టైమ్స్'లో వెలువడినది ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆనాడు అమెరికాలో అధ్యక్షుని యెన్నిక. మరునాటి పత్రికలోని ముఖ్యవార్త యేది యని ఒక ఆధారము. క్లింటన్ గెలిచెననియు పూరింపవచ్చును, బాబ్ డోల్ గెలిచెననియు పూరింపవచ్చును. ఆంగ్లమున ఆ రెండు పేర్లకును ఏడేసి యక్షరములే. ఆ యేడు గడులను ఖండించు నిలువు పదములకును రెండేసి జవాబులు ఒప్పునట్లు కూర్పరియైన జెరెమయా ఫారెల్ అమర్చెను. నల్లని జంతువు పేరడిగిన చోట పిల్లి యన్నను చెల్లును, గబ్బిలమన్నను చెల్లును. ఆంగ్లమున ఆ మాటలకు మొదటి యక్షరమే భేదము. పత్రిక ముందుగనే ఫలితమును చాటుచున్నదని కొందరు పాఠకులు కోపించిరి. కాని కూర్పరి యెవరిని మోసగింపలేదు. ఎంత చమత్కరించినను, ప్రతి గడికిని అడ్డమునుండియు నిలువునుండియు సాక్ష్యము చూపెను. ప్రహేళికకు ధర్మమన నిదియే.

ఈ ధర్మమును తెలుగునకు అన్వయించి చూతము. తెలుగునాట పారు నదులు విషయముగా ఒక ప్రహేళికను కూర్పదలచితి మనుకొందము. నాలుగక్షరముల నది యని మాత్రమే ఆధారమిచ్చిన పాఠకుడేమి చేయగలడు? గోదావరి, నాగావళి, పినాకిని, వంశధార, తుంగభద్ర - అయిదును నాలుగేసి గడులవే. ఇది పరీక్ష గాదు, జూదము. శివుని విల్లును పేరిట దాల్చిన నది యనిన, పినాకమును ఎఱిగినవాడు పినాకినిని చేరును. వెదురు వెంట వెడలిన ధార యనిన, వంశమనగా వెదురని తెలిసినవానికి వంశధార దొరకును. కాలి యందెకు పేరైన నది మంజీర. పాంచాలి పేరుగల నది కృష్ణ. అర్థము తెలియనివాడు ఖండించు పదముల సాయమున జవాబును పట్టి, పిమ్మట ఆ యర్థమును వెదకికొని నేర్చును. ఇట్లు రెండు త్రోవలు గల ఆధారమే న్యాయమైన ఆధారము.

ఈ జవాబుల వెనుక నున్న సంగతులు మరింత విలువగలవి. గోదావరి మహారాష్ట్రమందలి త్ర్యంబకమున పుట్టినది. కృష్ణ మహాబలేశ్వరమున పుట్టినది. మంజీర బాలాఘాట్ కొండలది. పినాకిని కర్ణాటకమందలి నందికొండల చెంత జనించినది. తుంగయు భద్రయు ఆ రాష్ట్రముననే కూడలి యను చోట ఒక్కటైనవి. వంశధారయు నాగావళియు ఒడిషా కొండలనుండి వచ్చినవి. పూరించిన యేడు పేర్లలో ఒక్కటియు తెలుగు రాష్ట్రములలో పుట్టలేదు. అయినను వీనిని మనవి కావని యెవరనగలరు? నాగావళి రాయగడలోని తెలుగువాని వాకిటి నది. దక్షిణ పినాకిని హోసూరు వానిది. గౌతమి యానాము వానిది. రాష్ట్రపు టెల్లలకు ఆవల తరతరములుగా నున్న తెలుగువాడు, తాను నిత్యము చూచు నీరు తన పత్రిక గడులలో కనబడినప్పుడు, ఆ పత్రిక తనకొరకును వెలువడుచున్నదని గ్రహించును. ఒక పట్టణపు పలుకుబడియు, కొందరు చలనచిత్ర నటుల పేర్లును తప్ప మరేమియు లేని ప్రహేళిక వానిని పరాయివానిగా జూచును.

మన లిపికి సంబంధించిన విశేషము ఇంకొకటి గలదు. ఆంగ్లమున గడికొక వర్ణము. తెలుగున గడికొక అక్షరము, గుణింతముతోడను ఒత్తుతోడను కూడ. 'స్త్రీ' యను మాట యంతయు ఒకే గడిలో నిముడును. గోదావరి, నాగావళి 'వ'కారమున కలిసికొనును. నాగావళిలోని 'గా' తుంగభద్రలోని 'గ'తో కలియదు. మంజీర చివరి 'ర' తుంగభద్ర చివరి 'ద్ర'తో కలియదు. కావున తెలుగు గడులను పూరించువాడు దీర్ఘమును, ఒత్తును, లకార ళకారముల భేదమును అడుగడుగున చూచుకొనక తప్పదు. చేతిఫోనులలో తెలుగును ఆంగ్లలిపిలో వ్రాయుట పరిపాటియైన ఈ దినములలో, ఆ లిపితో చేయుటకు వీలులేని తెలుగు పని యిది యొకటి మిగిలియున్నది. ఎనిమిది ఆంగ్లవర్ణముల గోదావరి నాలుగు గడులలో పట్టదు.

రాజధానీనగరమున న్యాయవాదులుగా, వైద్యులుగా, ఉద్యోగులుగా నున్న మనవారిలో ఆంగ్లప్రహేళికను కాఫీ చల్లారకముందే ముగింపగలవారు గలరు. వారి యిండ్లలో పిల్లలు తెలుగు మాటాడుదురు, చదువనేరరు. వ్యాకరణ పుస్తకమును ముందుంచిన ఆ పిల్లలు పారిపోవుదురు. తండ్రి గడులు నింపుచు, అందె పేరుగల నది యేదని యడిగిన దగ్గరకు వత్తురు. వెదకు యంత్రమున జవాబు క్షణములో దొరకును గదా యని కొందరనవచ్చును. పినాకిని యెక్కడ పుట్టినదో యంత్రము చెప్పవచ్చును; పినాకిని జవాబని తోచిన పిమ్మట గదా దానిని వెదకుట! ఆ తోచుటయే భాష. దానిని పిల్లవాడు తనంతట సంపాదించుకొనవలసినదే.

కావున మన పత్రికాధిపతులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. ప్రతి ఆధారమునకును అర్థముచేత నొకటి, ఖండించు పదములచేత నొకటి, రెండు త్రోవలుండవలెను. 'పుస్తకము' అనిన నాలుగు గడులు, 'పుస్తకం' అనిన మూడు. ఏ పద్ధతి నవలంబింతురో ముందుగ జెప్పి దానినే పాటింపవలెను. వారమున కొక్కటియైన విషయప్రధానమైన ప్రహేళికగా నుండి, రాయగడ, హోసూరు, బళ్లారి, యానాముల సంగతులకు అందు చోటు దొరకవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మరునాడు జవాబుల పట్టికను మాత్రమే అచ్చువేసి యూరకుండక, ఒక్కొక్క జవాబు వెనుక నున్న సంగతిని ఒక్కొక్క పంక్తిలో తెలుపవలెను. 'మంజీర' యని మాత్రము అచ్చువేసిన గడి నిండును. మంజీరము అందె యనియు, ఆ నది బాలాఘాట్ కొండలలో పుట్టి గోదావరిలో కలియుననియు చేర్చినచో, ముందునాడు ఓడిన పాఠకుడును ఆనాటి పత్రికకు పెట్టిన వెల వ్యర్థము కాలేదని తలచును. ఇందుకు కావలసినది నాలుగంగుళముల చోటును, తెలుగెఱిగిన యొక కూర్పరియును మాత్రమే.