రక్షించే ఓడ ఎంత దూరంలో ఉంది?

2023 సెప్టెంబరు 11న ఈశాన్య గ్రీన్‌ల్యాండ్‌లోని ఆల్పెఫ్యోర్డ్‌లో ఓషన్ ఎక్స్‌ప్లోరర్ అనే విహార నౌక బురద మేటలో కూరుకుపోయింది. ఫ్యోర్డ్ అంటే నిట్టనిలువు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన పొడవాటి సముద్రపు పాయ. హిమానీనదం తొలిచిన లోయలోకి కడలి నీరు చేరి ఏర్పడుతుంది. నౌకలో ప్రయాణికులు, సిబ్బంది కలిపి 206 మంది ఉన్నారు. ఆ ప్రాంతం ఒక జాతీయ పార్కు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినంత విస్తీర్ణానికి మూడున్నర రెట్లు ఉంటుంది, అక్కడ స్థిరంగా కాపురముండేవారు ఎవరూ లేరు. అన్నిటికంటే దగ్గరి ఊరు సుమారు 240 కిలోమీటర్ల అవతల ఉంది. సాయానికి బయల్దేరిన డెన్మార్క్ గస్తీ నౌక క్నుడ్ రాస్ముసెన్ అప్పటికి 1,200 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది, అంటే రెండు వేల కిలోమీటర్ల పైమాట. ఆ నౌక ఇంకా దారిలో ఉండగానే, మూడు రోజుల తర్వాత, తరాయోక్ అనే గ్రీన్‌ల్యాండ్ పరిశోధన నౌక పోటు సమయం చూసుకుని ఓషన్ ఎక్స్‌ప్లోరర్‌ను బయటికి లాగింది. ఎవరికీ గాయాలు కాలేదు.

నౌక కూరుకుపోయిన ఐదు రోజులకే, సెప్టెంబరు 16న, అదే ప్రాంతంలోని డిక్సన్ ఫ్యోర్డ్‌లో కొండ కూలింది. సుమారు రెండున్నర కోట్ల ఘనమీటర్ల రాయి, మంచు ఒక్కసారిగా నీళ్లలో పడ్డాయి. 200 మీటర్ల ఎత్తున అల లేచింది. ఆ పాయలో నీరు ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు తొమ్మిది రోజులపాటు ఊగుతూనే ఉంది. ఆ ఊపును ప్రపంచమంతటా భూకంప కేంద్రాలు నమోదు చేశాయి. అదేమిటో మొదట ఎవరికీ అంతుచిక్కలేదు. 15 దేశాలకు చెందిన 68 మంది శాస్త్రజ్ఞులు కలిసి ఆ చిక్కుముడి విప్పి, 2024 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో ప్రచురించారు. కొండ పాదానికి ఆసరాగా ఉన్న హిమానీనదం వేడికి పలచబడిపోవడంతో పైనున్న రాతిగోడ నిలబడలేకపోయిందని తేల్చారు. దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని ఎల్లా దీవి స్థావరం ఆ అలకు దెబ్బతింది. అప్పుడు అందులో మనుషులు లేరు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. ఆ ప్రాంతం విహార నౌకలు తిరిగే దారి కూడా.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆర్కిటిక్ విహారయాత్రల గురించి వేయవలసిన అసలు ప్రశ్న కనబడుతుంది. నార్వేకు చెందిన స్వాల్బార్డ్, గ్రీన్‌ల్యాండ్, ఉత్తర కెనడా దీవుల మధ్య వంద, రెండు వందల మందిని తీసుకెళ్లి, రబ్బరు పడవల్లో ఒడ్డున దింపి, ధ్రువపు ఎలుగులనూ వాల్రస్‌లనూ హిమానీనదాలనూ చూపించే వ్యాపారం కొన్నేళ్లుగా బాగా పెరిగింది. మన దేశంలోని ట్రావెల్ ఏజెన్సీలు కూడా ఈ టికెట్లు అమ్ముతున్నాయి. వీటి గురించి చర్చ వచ్చినప్పుడు ఎక్కువగా కాలుష్యం, ఎలుగుల ప్రశాంతత ముందుకొస్తాయి. అవి ముఖ్యమే. కానీ ఒక పాయలోకి ఎన్ని నౌకలు, ఎంతమందితో వెళ్లవచ్చో తేల్చవలసిన మొదటి కొలత వేరే ఉంది. ఆపద వస్తే అంతమందినీ బతికి ఉండగా తీసుకురాగల నౌక ఎన్ని గంటల్లో రాగలదు? దీనికి నమ్మదగిన జవాబు లేని చోటుకు ప్రయాణికుల నౌక వెళ్లకూడదని చట్టమే చెప్పాలి. ఆ నిర్ణయాన్ని కంపెనీల విచక్షణకు, వాతావరణం దయకు వదిలేయడం తప్పు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. ధ్రువ జలాల్లో తిరిగే నౌకలకు 2017 జనవరి 1 నుంచి అంతర్జాతీయ పోలార్ కోడ్ అమల్లో ఉంది, మంచును తట్టుకునే బలమైన నౌకలే వెళ్తున్నాయి, కొత్తగా భయమెందుకు అంటారు. ఆ కోడ్ మంచిదే. అయితే అది చెప్పేదేమిటో జాగ్రత్తగా చదవాలి. నౌకను విడిచిపెట్టాల్సి వస్తే, సాయం అందేదాకా మనుషులు బతికి ఉండేలా సామగ్రి ఉండాలి, ఆ వ్యవధిని ఐదు రోజులకు తగ్గకుండా లెక్కించాలి అంటుంది. అంటే ఐదు రోజులదాకా సాయం రాకపోవచ్చని ఆ నిబంధనే ఒప్పుకుంటోంది. 2016 ఏప్రిల్‌లో స్వాల్బార్డ్‌లోని వుడ్‌ఫ్యోర్డెన్‌లో నార్వే కోస్ట్‌గార్డు, పరిశోధకులు కలిసి దీన్ని పరీక్షించి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవారిని, మామూలుగా నౌకల్లో ఉండే సామగ్రితోనే, లైఫ్‌బోటులోనూ గాలి తెప్పలోనూ కూర్చోబెట్టారు. చాలామంది మొదటి 24 గంటల్లోనే చలికి ఆగలేక తప్పుకోవలసి వచ్చింది. విహార నౌకల్లో వెళ్లేవారిలో పదవీ విరమణ చేసిన పెద్దవాళ్లు ఎక్కువ. డెబ్బై దాటినవారు, గుండె జబ్బుకు మందులు వాడేవారు ఆ తెప్పలో ఐదు రోజులు ఎలా గడుపుతారో ఆలోచిస్తేనే మనసు కలుక్కుమంటుంది.

హెలికాప్టర్లు ఉన్నాయి కదా అనేది రెండో మాట. 2019 మార్చి 23న నార్వే ప్రధాన భూభాగం పక్కనే, ఊళ్లు, ఆసుపత్రులు, వైమానిక స్థావరాలు అన్నీ అందుబాటులో ఉన్న తీరంలో, వైకింగ్ స్కై అనే నౌక ఇంజిన్లు తుపానులో ఆగిపోయాయి. నౌకలో 1,373 మంది ఉన్నారు. హెలికాప్టర్లు రాత్రంతా తిరిగి ఒక్కొక్కరినీ పైకి లాగాయి. మర్నాడు ఇంజిన్లు మళ్లీ అందుకుని నౌక ఒడ్డుకు చేరేసరికి వాళ్లు తరలించగలిగింది 479 మందిని. ఇక స్వాల్బార్డ్ గవర్నరు చేతిలో ఉన్నవి రెండు రక్షక హెలికాప్టర్లు. ఆ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బ్యెన్ పట్టణం జనాభా సుమారు 2,500, అక్కడున్నది చిన్న ఆసుపత్రి. పరిస్థితి విషమించిన రోగిని దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, నార్వే ప్రధాన భూభాగంలోని ట్రోమ్సోకు విమానంలో పంపాలి. ఇది అక్కడి సిబ్బంది లోపం కాదు. వాళ్ల నైపుణ్యానికి చేతులెత్తి దండం పెట్టాలి. ఉన్న మనుషులు, యంత్రాలు ఇంతే అయినప్పుడు, వాటికి మించిన జనాన్ని ఆ జలాల్లోకి పంపడమే లోపం.

ఇన్నాళ్లూ పెద్ద ప్రాణనష్టం జరగలేదన్నది నిజం. ఎందుకు జరగలేదో కూడా చూడాలి. 1989 జూన్‌లో స్వాల్బార్డ్ దగ్గర మక్సిమ్ గోర్కీ అనే సోవియట్ నౌక మంచును ఢీకొంది. సుమారు 950 మంది పడవల్లోకి, మంచు పలకల మీదికి దిగారు. సముద్రం ప్రశాంతంగా ఉంది, నార్వే కోస్ట్‌గార్డు నౌక సెన్యా కొన్ని గంటల్లో చేరుకోగలిగింది, అందరూ బతికారు. 2010 ఆగస్టులో ఉత్తర కెనడాలో క్లిప్పర్ అడ్వెంచరర్ సముద్రంలోని రాతి మీదికెక్కింది. ఆ రాయి సంగతి అంతకు మూడేళ్ల ముందే తెలిసి హెచ్చరిక కూడా జారీ అయింది, నౌక మాత్రం సరిచేయని పటంతో నడిచింది. ప్రయాణికులను కోస్ట్‌గార్డు ఐస్‌బ్రేకర్ అముండ్సెన్ వచ్చి తీసుకెళ్లేదాకా వాళ్లు రెండు రోజులు ఎదురుచూశారు. 2018లో అకడమిక్ ఐయోఫె కూడా అదే దేశపు ఉత్తర జలాల్లో నేలకు తగిలితే, దాన్ని నడిపే సంస్థదే మరో నౌక దగ్గర్లో ఉండబట్టి జనాన్ని ఎక్కించుకోగలిగింది. ప్రతిసారీ ప్రాణాలు నిలిపినది సముద్రం ప్రశాంతంగా ఉండటమో, ఇంకో నౌక దగ్గర్లో తటస్థపడటమో. అదృష్టం ఇన్నిసార్లు కలిసొచ్చిందని దాన్ని భద్రతగా లెక్కగట్టడం ప్రమాదకరం. పైగా ముందున్న కాలం వెనకటి కాలంలా ఉండదు. ఆర్కిటిక్ మిగతా భూగోళం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోందని 2022లో వెలువడిన అధ్యయనం చెప్పింది. మంచు వెనక్కి తగ్గినకొద్దీ నౌకలు ఇంతకుముందు చేరని మూలలకు, సరిగా కొలవని నీళ్లలోకి వెళ్తున్నాయి. కొండలకు ఆసరా పోతున్నదీ అక్కడే. బంగాళాఖాతంలో సునామీ వస్తే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం హెచ్చరించడానికి వ్యవధి ఉంటుంది, 2004లో సుమత్రా దగ్గర పుట్టిన అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఇరుకు పాయలో కొండ కూలితే అలకు పట్టేది నిమిషాలే.

హద్దు గీయడం సాధ్యమేనని నార్వే చేసి చూపించింది. 2025 జనవరి 1 నుంచి స్వాల్బార్డ్ రక్షిత ప్రాంతాల్లో 200 మందికి మించి ప్రయాణికులున్న నౌక తిరగకూడదు. ఆ ప్రాంతాల్లో 43 చోట్ల మాత్రమే ఒడ్డున దిగాలి. ధ్రువపు ఎలుగుకు మామూలుగా 300 మీటర్లు, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్ల దూరం పాటించాలి. దీనివల్ల ఆ 43 చోట్లా తొక్కిడి పెరుగుతుందన్న విమర్శలో కొంత నిజముంది, వాటిని తరచూ పరిశీలించి మార్చుకోవలసి ఉంటుంది. కానీ సంఖ్యను చట్టంలో రాయడమే పెద్ద ముందడుగు. ప్రకృతి కోసం గీసిన ఈ గీతను రక్షణ శక్తి కోసం కూడా గీయాలి. మారుమూల పాయలోకి వెళ్లే ప్రతి నౌకకూ, దాని మొత్తం జనాన్ని ఎక్కించుకోగల మరో నౌక నిర్ణీత గంటల దూరంలో ఉండాలి, ఆ జత నౌక పేరు ముందుగానే అధికారులకు చెప్పాలి. నౌకలు పరస్పరం జాడ తెలుపుకునే అలవాటు ఈ వ్యాపారంలో ఇప్పటికే ఉంది. ఆ మంచి అలవాటును అందరికీ తప్పనిసరి చేయమనడమే ఇది.

అక్కడివాళ్ల జీవనం దెబ్బతినదా? ఈ ప్రశ్న బరువైనది. లాంగ్‌ఇయర్‌బ్యెన్ బొగ్గు మీద పుట్టిన పట్టణం. అక్కడి ఆఖరి నార్వే గని 2025లో మూతపడింది. గ్రీన్‌ల్యాండ్, ఉత్తర కెనడాలోని నునావుట్ తీరాల ఇనుయిట్ ఆదివాసీ పల్లెలకు బయటి ఆదాయం అవసరం. వాళ్ల అవసరాన్ని దూరాన కూర్చుని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఈ యాత్రల్లో పడక, భోజనం అన్నీ నౌకలోనే, ఊరికి దక్కేది ఆ మొత్తంలో చిన్న భాగం. ప్రమాదం జరిగితే మాత్రం మొదట భారం పడేది ఆ ఊరి మీదే. కొన్ని వందల మందే ఉండే పల్లెకు ఒక్కసారిగా రెండు వందల మంది తడిసి వణుకుతూ చేరితే వాళ్ల దుప్పట్లు, వాళ్ల తిండి, వాళ్ల నర్సు ఎంతమందికి సరిపోతారు? ఈ సంగతి మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న పర్యాటక బోటు మునిగితే, బతికిన 26 మందిని ఒడ్డుకు చేర్చింది ఆ గట్టున ఉన్న గ్రామస్థులే. గోదావరి గట్టున కనీసం ఊళ్లున్నాయి. ఆల్పెఫ్యోర్డ్ గట్టున ఎవరున్నారు?

1920 స్వాల్బార్డ్ ఒప్పందం సభ్య దేశాల పౌరులందరికీ ఆ దీవుల జలాల్లోకి, ఫ్యోర్డుల్లోకి సమాన ప్రవేశం ఇచ్చింది కదా అని న్యాయపరంగా వాదించేవారూ ఉన్నారు. అదే వాక్యం స్థానిక చట్టాలకు లోబడి అని కూడా అంటోంది. సమానత్వం అంటే నిబంధన అందరికీ ఒకేలా వర్తించడం. నిబంధనే ఉండకూడదని దానికి అర్థం లేదు. ఇక, చూసినవాళ్లే కాపాడతారు, ఆర్కిటిక్‌ను కళ్లారా చూసినవారు దానికి రాయబారులవుతారు అన్న వాదన. మనసు మారేవారు ఉంటారు, కాదనలేం. అయితే హిమానీనదం కరుగుతోందని లోకానికి తెలిసింది ఏళ్ల తరబడి కొలతలు తీసిన శాస్త్రజ్ఞుల వల్ల, తరాల నుంచి ఆ మంచు మీదే బతుకుతున్న ఇనుయిట్ల మాట వల్ల. చూసినవారికి కలిగే ప్రేమ నిజమైనదే అయితే, రక్షించే నౌక అందుబాటులో ఉన్న పాయలకే పరిమితం కావడం దానికి అడ్డు కాదు.

ఇందులో మన దేశానికి మాట్లాడే హక్కు ఉంది. 1920 ఒప్పందంపై సంతకాల్లో బ్రిటిష్ పాలనలోని భారతదేశం పేరూ ఉంది. 2008 నుంచి స్వాల్బార్డ్‌లోని న్యూ ఒలెసున్‌లో మన హిమాద్రి పరిశోధన కేంద్రం నడుస్తోంది. 2013 నుంచి మనం ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక దేశం. లాంగ్‌ఇయర్‌బ్యెన్ దగ్గరి విత్తన భాండాగారంలో పటాన్‌చెరు ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల నమూనాలు లక్షకు పైగా భద్రంగా ఉన్నాయి. ఎనిమిది ఆర్కిటిక్ దేశాలు 2011లో గ్రీన్‌ల్యాండ్ రాజధాని నూక్‌లో కుదుర్చుకున్న గాలింపు, రక్షణ ఒప్పందం ఏ సముద్ర భాగం బాధ్యత ఎవరిదో పంచింది. ఎక్కడ ఎన్ని నౌకలు సిద్ధంగా ఉండాలో అందులో లేదు. ఆ ఖాళీని పూరించమని కౌన్సిల్‌లో మన ప్రతినిధులు అడగాలి. స్వాల్బార్డ్‌కు వచ్చే పర్యాటకుల నుంచి 2007 నుంచి పర్యావరణ రుసుము వసూలు చేస్తున్నారు. రక్షణ కోసం విడిగా అలాంటిదే ఒక రుసుము పెట్టి, ఆ డబ్బుతో గ్రీన్‌ల్యాండ్ తూర్పు తీరంలోనూ నునావుట్‌లోనూ వేసవి నెలల్లో రక్షక నౌకలను నిలపవచ్చు. లక్షలు పోసి టికెట్ కొనేవారికి అది భారం కాదు. ఈ లోగా మన ఊళ్లో ఈ యాత్రల టికెట్ కొనేవారు ఏజెంటును అడగవలసినవి రెండున్నాయి: మా నౌక ఆగిపోతే ఏ నౌక వస్తుంది, ఎన్ని గంటల్లో వస్తుంది. జవాబు కాగితం మీద రాసి ఇవ్వలేని యాత్రకు డబ్బు కట్టవద్దు.